మొక్కల అక్వేరియంలో నత్తలు, నాచు: అదుపు చేసే పద్ధతి

మొక్కలు పెంచే అక్వేరియంలో నత్తలు, నాచు చాలాసార్లు కలిసే పెరుగుతాయి. చేపలు తినగా అడుగున మిగిలిన మేత, కుళ్లుతున్న ఆకులు, ఫిల్టర్‌లో పేరుకున్న మడ్డి నత్తలకు ఆహారమవుతాయి. అవే కుళ్లి నీటిలో కలిసినప్పుడు, అవసరానికి మించిన వెలుగు కూడా తోడైతే, నాచుకు ఎరువవుతాయి. మూలం ఒకటే అయినా వీటి మందులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. నత్తలను చంపే రాగి మందు నాచును తినే రొయ్యలను కూడా చంపుతుంది. వందల నత్తలు ఒక్కసారిగా చచ్చి గులకరాళ్ల మధ్య కుళ్లితే వెలువడే అమ్మోనియా చేపల ప్రాణం మీదికి తెస్తుంది, పైగా నాచును మరింత పెంచుతుంది. కాబట్టి ముందు మేతను, వెలుగును తగ్గించాలి. తరువాత చేత్తో తీయగలిగినంత తీయాలి. అప్పటికీ చాలకపోతే వాటిని తినే జీవులను తెచ్చుకోవాలి. మందు జోలికి అన్నిటికన్నా చివర వెళ్లాలి. ఇక్కడ చెప్పే మోతాదులు రెండడుగుల పొడవుండి, ఇసుక, రాళ్లు పోగా సుమారు 50 లీటర్ల నీరు నిలిచే తొట్టికి సంబంధించినవి. తొట్టి పరిమాణాన్ని బట్టి వాటిని తగ్గించుకోవాలి, పెంచుకోవాలి.

ఏ నత్త వచ్చిందో గుర్తించడం

కొన్న మొక్కలతో పాటు పిలవకుండా వచ్చే నత్తల్లో సాధారణంగా కనిపించేవి మూడు రకాలు. మొదటిది బ్లాడర్ నత్త. ఇది గోధుమ రంగు చుక్కలతో, పలుచని గుల్లతో, వేలిగోరు కన్నా చిన్నదిగా ఉండి అద్దం మీద చురుగ్గా పాకుతుంది. గుల్ల మొనను పైకి పెట్టి పట్టుకుంటే దాని నోరు ఎడమవైపుకు ఉంటుంది. రెండవది రామ్స్‌హార్న్. దీని గుల్ల చుట్టచుట్టిన తాడులా బల్లపరుపుగా ఉంటుంది. రక్తంలో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల కొన్ని ఎర్రగా కనిపిస్తాయి. మూడవది ట్రంపెట్ నత్త. పొడవైన శంకువు ఆకారంలో ఉండే ఈ నత్త పగలంతా ఇసుకలో దాగి, దీపాలు ఆర్పాక బయటికి వస్తుంది. మొదటి రెండు రకాలు ఆకుల అడుగున పారదర్శకమైన జిగురు ముద్దల్లో గుడ్లు పెడతాయి. అవి ఉభయలింగ జీవులు కాబట్టి ఒక్కటి చేరినా సంతతి మొదలవుతుంది. ట్రంపెట్ నత్త గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది. ఆడనత్తకు మగనత్త అవసరం కూడా లేదు. గుల్ల నోటిని మూతతో బిగించుకోగలదు కనుక మందునీటిలో ముంచినా ఇది తేలిగ్గా చావదు.

ఈ మూడూ ఆరోగ్యంగా ఉన్న ఆకును దాదాపు ముట్టుకోవు. ఆకు మీద చిల్లులు కనిపించగానే నింద నత్తల మీద పడుతుంది గాని, పాత ఆకుల మీద మొదట సూదిమొనంత చుక్కలుగా మొదలై పసుపు అంచుతో పెద్దవయ్యే చిల్లులు ఎక్కువగా పొటాషియం కొరత వల్ల వస్తాయి. అలా చచ్చుబడిన భాగాన్నే నత్త తింటుంది. నిజంగా మొక్కలను మేసేవి వేరే ఉన్నాయి: లిమ్నియా జాతికి చెందిన పెద్ద చెరువు నత్తలు, నీటి మట్టానికి పైన గులాబి రంగు గుడ్ల గుత్తులు పెట్టే పొమేసియా ఆపిల్ నత్తలు. ఇవి కనిపిస్తే ఆలోచించకుండా తీసివేయాలి. చెరువుల నుంచి, కాలువల నుంచి ఉచితంగా వస్తుంది కదా అని హైడ్రిల్లా అనే నీటి మొక్కను తెచ్చి వేసేవారు ఇంకొక విషయం గమనించాలి. మన చెరువుల్లో విస్తారంగా ఉండే ఇండోప్లానార్బిస్ అనే నత్త పశువులకు సోకే రక్తపు పరాన్నజీవికి ఆశ్రయమిస్తుంది. దాని నుంచి నీటిలోకి వచ్చే పిల్ల పురుగులు మనిషి చర్మంలోకి చొచ్చుకుపోతే దురదతో దద్దుర్లు వస్తాయి. చెరువు మొక్కను తొట్టికి దూరంగా ఉంచడమే నా సలహా.

మరి ఇంటి తొట్టిలో నత్తలను పూర్తిగా లేకుండా చేయాలా? అవసరం లేదని నేను భావిస్తాను. ఇరవై ముప్ఫై నత్తలు మిగిలిన మేతను, రాలిన ఆకును, అద్దం మీది పలుచని పొరను తిని తొట్టిని శుభ్రంగా ఉంచుతాయి. ట్రంపెట్ నత్తలు ఇసుకను కదిలిస్తూ అడుగున గాలి ఆడని పొరలు గట్టిపడకుండా చూస్తాయి. పట్టపగలు అవన్నీ ఇసుక వదిలి అద్దం పైభాగానికి ఎగబాకితే నీటిలో ప్రాణవాయువు తగ్గిందేమో, అమ్మోనియా పెరిగిందేమో వెంటనే పరీక్షించాలి. సమస్యగా చూడవలసింది నత్తలు ఉండటాన్ని కాదు, వాటి సంఖ్య వారం వారం పెరుగుతూ పోవడాన్ని.

నత్తల సంఖ్యను తగ్గించడం

మొదటి పని మేత తగ్గించడం. రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినగలిగినంత మేతను రోజుకు ఒక్కసారి వేసి, వారంలో ఒక రోజు అసలు వేయకుండా ఉంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏ హానీ కలగదు. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురూ మేత వేయడం మామూలే కాబట్టి ఆ పనిని ఒక్కరికే అప్పగించడం మేలు. వారానికి ఒకసారి నీరు మార్చేటప్పుడు సైఫన్ పైపుతో అడుగున చేరిన మడ్డిని లాగాలి. పసుపు బారిన ఆకులను కత్తిరించి తీసివేయాలి. ఆహారం తగ్గిన కొన్ని వారాలకు గుడ్ల ముద్దలు పలుచబడటం కనిపిస్తుంది.

దానితో పాటు ఎర పెట్టి పట్టడం సాగించాలి. కీరదోస ముక్కను గాని, వేడినీటిలో ముంచి తీసిన పాలకూర ఆకును గాని ఒక స్టీలు ఫోర్కుకు గుచ్చి, దీపాలు ఆర్పిన తరువాత అడుగున ఉంచితే తెల్లవారేసరికి దాని మీద నత్తలు గుంపుగా చేరతాయి. ఇల్లు లేవకముందే, అంటే తొట్టిలో వెలుగు పడకముందే, ముక్కను నత్తలతో సహా బయటికి తీయాలి. రోజంతా వదిలేస్తే అది కుళ్లి ఉన్న ఇబ్బందిని పెంచుతుంది. వరుసగా కొన్ని రాత్రులు ఇలా చేస్తే ఫలితం బాగుంటుంది. బోరు నీటిలో సున్నం ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గుల్లలు గట్టిగా పెరిగి నత్తలు త్వరగా వృద్ధి చెందుతాయి కనుక అక్కడ ఈ పనిని మానకుండా సాగించవలసి ఉంటుంది. అలాగని నత్తల కోసం నీటి స్వభావాన్ని హఠాత్తుగా మార్చడం చేపలకు మంచిది కాదు.

నత్తలను తినే జీవుల్లో ఈ పరిమాణపు తొట్టికి నేను సూచించేది అసాసిన్ నత్త. పసుపు, ముదురు గోధుమ రంగు పట్టీలతో ఉండే ఈ ఆగ్నేయాసియా నత్త ఇతర నత్తలను వేటాడి తింటుంది. ఇందులో ఆడ, మగ వేరు వేరు కావడం వల్ల, ఎదుగుదల నెమ్మది కావడం వల్ల ఇది తొట్టిని నింపివేయదు. నాలుగైదింటిని వేసి కొన్ని నెలలు ఓపిక పట్టాలి. దుకాణాల్లో తరచుగా సూచించే బోటియా లోచ్‌లు నత్తలను బాగా తింటాయన్నది నిజమే, కాని అవి గుంపుగా బతికే చేపలు. యోయో లోచ్ అరచేతి పొడవు పెరుగుతుంది, క్లౌన్ లోచ్ అడుగు వరకు పెరగగలదు. రెండడుగుల తొట్టి వాటికి చాలదు. కేరళ, కర్ణాటక నదుల్లో పుట్టే బఠాణీ గింజంత పీ పఫర్ నత్తలను ఇష్టంగా తింటుంది గాని తోటి చేపల రెక్కలను కొరుకుతుంది. పైగా సహజ ఆవాసాల్లో దాని సంఖ్య తగ్గి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో హాని పొంచి ఉన్న జాతిగా నమోదైంది. కేవలం నత్తల కోసం దాన్ని కొనడం సబబు కాదు.

రాగి కలిసిన నత్తల మందును మొక్కల తొట్టిలో వాడవద్దు. రాగి ఇసుకలోకి, మట్టిలోకి చేరి నిలిచిపోతుంది, ఆ తరువాత ఎంతకాలానికి రొయ్యలను వేసినా వాటికి ముప్పు ఉంటుంది. కొన్ని మొక్కలు కూడా దెబ్బతింటాయి.

కొత్త మొక్క తెచ్చినప్పుడు

తొట్టిలోకి నత్త, నాచు రెండూ వచ్చే ప్రధాన మార్గం కొత్త మొక్కే కాబట్టి ఇక్కడ పడే శ్రమ ఎప్పటికీ వృథా కాదు. డబ్బు కొంచెం ఎక్కువైనా సరేననుకునేవారు మూత వేసిన కప్పుల్లో జెల్లీ మీద పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు కొంటే ఈ బెడద అసలే ఉండదు. మామూలు మొక్క కొన్నప్పుడు ముందుగా చిన్న ప్లాస్టిక్ కుండీని, వేళ్ల చుట్టూ ఉండే దూది వంటి రాక్‌వూల్‌ను పూర్తిగా తీసివేయాలి, ఎందుకంటే ట్రంపెట్ నత్త పిల్లలు దాగేది అందులోనే. తరువాత ప్రతి ఆకునూ తిరగేసి చూసి, గుడ్ల ముద్దలను వేలితో గీకి, కుళాయి కింద కడగాలి.

మందునీటిలో ముంచడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పటిక పొడిని నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున కలిపి రెండు మూడు గంటలు నానబెట్టడం సున్నితమైనది; నత్తలు చస్తాయి గాని గుడ్లన్నీ చస్తాయని నమ్మలేము. ద్రవ బ్లీచ్ పద్ధతి కఠినమైనది. సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న, సువాసన, సబ్బు కలపని బ్లీచ్ ఒక వంతుకు నీరు 19 వంతులు కలిపి, అనుబియాస్, జావా ఫెర్న్ వంటి దళసరి ఆకుల మొక్కలను ఒకటిన్నర నిమిషం, సన్నని కాడల మొక్కలను నిమిషం లోపు ముంచి తీయాలి. వెంటనే బాగా కడిగి, క్లోరిన్ తొలగించే మందును రెట్టింపు మోతాదులో కలిపిన నీటిలో బ్లీచ్ వాసన పోయేవరకు ఉంచాలి. మాస్, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ వంటి సున్నితమైన మొక్కలు దీన్ని తట్టుకోలేవు. వాటికి పటికే వాడాలి. వీధుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ దీనికి పనికిరాదు. అందులో సున్నం కలిసి ఉంటుంది, డబ్బా తెరిచినప్పటి నుంచి దాని బలం తగ్గిపోతూ వస్తుంది, కాబట్టి చెంచా లెక్క కుదరదు. బ్లీచ్‌ను పటికతో గాని, పెరాక్సైడ్‌తో గాని, మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో గాని ఎన్నడూ కలపకూడదు. ముఖ్యంగా ఆమ్లం కలిస్తే విషవాయువు వస్తుంది. పొటాషియం పర్మాంగనేట్ గులాబి నీరు నాచు బీజాలను, క్రిములను కొంత తగ్గిస్తుంది గాని గుడ్ల విషయంలో దాన్ని నమ్ముకోలేము.

ఏ పద్ధతి వాడినా, ఆ తరువాత మొక్కను ఒక బకెట్‌లోనో గాజు సీసాలోనో వెలుగు తగిలే చోట మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాలి. మన వాతావరణపు వెచ్చదనంలో గుడ్లు వారం పది రోజుల్లోనే పొదుగుతాయి కాబట్టి తప్పించుకున్నవి ఏవైనా ఉంటే ఈలోగా బయటపడతాయి.

నాచు: ముందు వెలుగు లెక్క సరిచూడాలి

నాచు విషయంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది దీపం ఎన్ని గంటలు వెలుగుతోందన్నది. హాల్లో అలంకారంగా ఉండే తొట్టి దీపం పొద్దున వేస్తే ఇంటివారు పడుకునే దాకా వెలుగుతూనే ఉంటుంది. మొక్కలకు అంత వెలుగు అవసరం లేదు. కొత్త తొట్టికి 6 గంటలు, మొక్కలు బాగా నాటుకున్న తొట్టికి 8 గంటలు సరిపోతాయి. టైమర్ పెట్టుకుంటే ఈ లెక్క తప్పదు. అయితే తిరిగే చక్రం ఉన్న పాతరకం టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి వెనకబడుతుంది కాబట్టి వారానికోసారి దాని గడియారాన్ని సరిచేయాలి. కిటికీ నుంచి నేరుగా ఎండ పడుతుంటే తొట్టి వెనుక నల్ల కాగితం అతికించడమో, తొట్టినే జరపడమో చేయాలి. ఆ ఎండ నిలిచి ఉన్నంతకాలం మిగతా ప్రయత్నాలు నిలకడగా ఫలించవు.

రెండవ విషయం మొక్కల సంఖ్య. నాలుగు మొక్కలు నాటి పక్కన బొమ్మలు పెట్టిన తొట్టిలో కరిగిన పోషకాలను వాడుకునేది నాచే. మొదటి రోజు నుంచే త్వరగా పెరిగే హైగ్రోఫిలా, హార్న్‌వర్ట్ వంటి మొక్కలను ఒత్తుగా వేసి, పైన కొద్దిగా అంతరతామర తేలనిస్తే వెలుగును, నత్రజనిని అవి పంచుకుంటాయి. తొట్టి కుదురుకున్నాక వాటిని తగ్గించుకోవచ్చు.

నాచు రకాన్ని బట్టి చికిత్స మారుతుంది. కొత్త తొట్టిలో అద్దానికి, ఆకులకు గోధుమ రంగు పొడిలా పట్టేవి డయాటమ్‌లు. వేలితో తుడిస్తే పోతాయి, కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి, కంగారుపడి మందు వేయవద్దు. అద్దం మీద గట్టిగా అతుక్కునే గుండ్రని పచ్చ చుక్కలు వెలుగు ఎక్కువైనప్పుడు, ఫాస్ఫేట్ మరీ తగ్గినప్పుడు వస్తాయి. వాటిని పాత బ్లేడుతో గీకాలి, యాక్రిలిక్ తొట్టి అయితే ప్లాస్టిక్ కార్డుతోనే గీకాలి. దారపు పోగుల్లాంటి నాచును టూత్‌బ్రష్‌కు చుట్టి తిప్పుతూ లాగితే చాలావరకు వచ్చేస్తుంది. నీరంతా పచ్చగా మారితే అది నీటిలో తేలే ఏకకణ నాచు. నీరు ఎంత మార్చినా మళ్లీ వస్తుంది, మూడు నాలుగు రోజుల చీకటితోనో, నీటిని తన గుండా పంపి శుద్ధిచేసే యూవీ దీపంతోనో పోతుంది.

చీకటి చికిత్సకు పద్ధతి ఉంది. నాచును చేత్తో తీయగలిగినంత తీసి, సగం నీరు మార్చి, మందపాటి దుప్పటితో నాలుగు వైపులా వెలుగు చొరకుండా కప్పాలి. మొక్కల కోసం పెట్టిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే ఆపివేయాలి, గాలి పంపును మాత్రం రాత్రింబగళ్లు నడపాలి, మేత వేయకూడదు. మూడు రోజులయ్యాక దుప్పటి తీసి, చచ్చిన నాచు కుళ్లి అమ్మోనియా కాకముందే మళ్లీ సగం నీరు మార్చాలి. ఇవేవీ చేయకుండా దీపం మాత్రం ఆర్పి కూర్చుంటే ఫలితం అంతంతమాత్రమే.

అందరినీ ఎక్కువగా విసిగించేది నల్ల గడ్డం నాచు. అనుబియాస్ ఆకుల అంచుల మీద, చెక్క దుంగల మీద, ఫిల్టర్ గొట్టం చివర నల్లటి కుచ్చులుగా పెరిగే ఇది నిజానికి ఎర్రనాచు జాతికి చెందినది. కార్బన్ డయాక్సైడ్ ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా అందే తొట్టుల్లోను, మడ్డి పేరుకున్న ఫిల్టర్లున్న తొట్టుల్లోను ఇది బాగా పెరుగుతుంది. సిలిండర్ వాడేవారు దీపం వెలగడానికి రెండు గంటల ముందే వాయువు మొదలయ్యేలా అమర్చి, డ్రాప్ చెకర్ (నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను రంగుతో చూపే చిన్న పరికరం) రంగు దీపం వెలిగే వేళకు లేతపచ్చగా ఉండేలా ప్రతిరోజూ ఒకే తీరున నడపాలి. నీలంగా ఉంటే వాయువు చాలడం లేదని, పసుపుగా మారితే చేపలకు ప్రమాదమని గ్రహించాలి. సిలిండర్ లేనివారు వెలుగు తగ్గించడం, ఫిల్టర్ స్పాంజ్‌ను తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండి కడగడం మీద దృష్టి పెట్టాలి. కుళాయి నీటి క్లోరిన్‌తో కడిగితే స్పాంజ్‌లోని మేలు చేసే బ్యాక్టీరియా చస్తుంది.

అప్పటికే పెరిగిన కుచ్చులకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అత్యవసరం. మందుల దుకాణాల్లో దొరికే సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటే అది దాదాపు 6 శాతం ద్రావణం. విదేశీ వీడియోల్లో చెప్పే మోతాదులు 3 శాతం ద్రావణానికి సంబంధించినవి. మన 50 లీటర్ల తొట్టికి 3 శాతం ద్రావణమైతే రోజుకు 20 మిల్లీలీటర్లు, 6 శాతమైతే 10 మిల్లీలీటర్లు మించకూడదు. రొయ్యలుంటే అందులో సగంతో మొదలుపెట్టాలి. ఫిల్టర్ ఆపి, సూది తీసిన సిరంజితో కుచ్చు పక్కనే నెమ్మదిగా వదిలి, పది నిమిషాల తరువాత ఫిల్టర్ వేయాలి. బుడగలు లేస్తాయి, కొద్ది రోజుల్లో కుచ్చు గులాబి రంగుకు తిరిగి చచ్చిపోతుంది, దాన్ని రొయ్యలు తినేస్తాయి. మరీ నాచు పట్టిన పాత ఆకును కాపాడటం కన్నా కత్తిరించి పారేయడం తేలిక.

నీలిపచ్చ రంగులో దుప్పటిలా పరుచుకుని, ఎత్తితే ఒకే పొరగా లేచి, ముక్కిపోయిన వాసన వచ్చేది నాచు కానేకాదు, నాచులా కనిపించే సయనోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియా. నీరు కదలని మూలల్లో, నైట్రేట్ దాదాపు సున్నాకు పడిపోయిన తొట్టుల్లో ఇది వస్తుంది. పొరను సైఫన్‌తో లాగి, నీటి ప్రవాహాన్ని ఆ మూలకు మళ్లించి, చీకటి చికిత్స చేసి, మొక్కల ఎరువును పూర్తిగా ఆపివేయకుండా నైట్రేట్‌ను లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల వద్ద నిలిపితే తగ్గుతుంది. ఎరిత్రోమైసిన్ మాత్రలు వేయడం కొందరికి అలవాటు. మనుషులకు పనికిరావలసిన యాంటీబయాటిక్‌ను తొట్టిలో కలిపి కాలువలోకి వదలడం నాకు సమ్మతం కాదు. ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా దానికి బలి కావచ్చు.

నాచును తినే జీవులు

అమానో రొయ్య దారపు నాచును శ్రద్ధగా తింటుంది. దాని పిల్లలకు ఉప్పు కలిసిన నీరు కావాలి కనుక తొట్టిలో సంఖ్య పెరగదు. నెరైట్ నత్త అద్దాన్ని బాగా శుభ్రం చేస్తుంది, కాకపోతే చెక్క మీద తెల్లని నువ్వుల్లాంటి గుడ్లు అంటిస్తుంది; అవి మంచినీటిలో పిల్లలు కావు. అసాసిన్ నత్తలున్న తొట్టిలో నెరైట్లను వేయకపోవడం మంచిది. నల్ల గడ్డం నాచును తినే సయామీస్ ఆల్గీ ఈటర్ పేరుతో వేరే చేపలను అంటగట్టడం ఉంది: అసలైన దాని ఒంటిమీది నల్ల చార తోక రెక్క చివరిదాకా సాగుతుంది, చారకు పైన బంగారు గీత ఉంటే అది ఫ్లయింగ్ ఫాక్స్. అయినా అసలైనది కూడా జానెడు వరకు పెరిగే చేప, రెండడుగుల తొట్టికి తాత్కాలికమే.

సక్కర్ ఫిష్ పేరుతో అమ్మే మచ్చల క్యాట్‌ఫిష్‌ను మాత్రం కొనవద్దు. చిన్నప్పుడు నాచు తింటుంది, అడుగు దాటి పెరిగాక తినే నాచు కన్నా వేసే మలమే ఎక్కువ, నాటిన మొక్కలను పెకలిస్తుంది. పెరిగిన దాన్ని ఎవరో ఒకరు చెరువులో వదలడం వల్లనే ఈ దక్షిణ అమెరికా చేప ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాల్లోకి చేరి, దెయ్యం చేప అన్న పేరుతో మత్స్యకారుల వలలు చింపుతూ, చేపల చెరువులకు నష్టం చేస్తోంది.

ఏప్రిల్, మే నెలల్లో నీరు 30 డిగ్రీలు దాటినప్పుడు కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, మేత త్వరగా కుళ్లుతుంది, సున్నితమైన మొక్కల ఆకులు కరిగిపోతాయి. ఆ రెండు నెలలూ దీపాన్ని 5 లేక 6 గంటలకు తగ్గించి, మూత తీసి, చిన్న ఫ్యాన్ గాలి నీటి పైభాగాన తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటి స్థానంలో ఆర్‌వో నీరు పోయాలి. బోరు నీరే పోస్తూ ఉంటే లవణాలు చిక్కబడతాయి. పెరాక్సైడ్, చీకటి చికిత్స వంటివి ఈ వేడిలో చేయకపోవడమే క్షేమం.

తీసివేసిన నత్తలను, మొక్కల ముక్కలను సింక్‌లోకి, కాలువలోకి వదలకూడదు. నత్తలను సంచిలో కట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి చెత్తలో వేయాలి, మొక్కలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి కంపోస్టులో కలపాలి. మార్చిన నీటిలో మందులు, ఉప్పు కలపకపోతే కుండీలకు పోసుకోవచ్చు.